ఈ వయసులో పళ్ళకు క్లిప్పులు అవసరమా?

మధురవాడ నుంచి ఒక తెలుగు టీచరు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు, స్కూలు వివరాలు వద్దన్నారు కాబట్టి అవి తీసేసి విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆవిడకు 38 ఏళ్ళు. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతారు. భర్తది గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. అమ్మాయి పదో తరగతి. అత్తగారు వీళ్ళ దగ్గరే ఉంటారు. చిన్నప్పటి నుంచీ ఈవిడకు పై పళ్ళు కొంచెం ఎత్తు, కింది పళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఏడో తరగతిలో ఉండగా స్కూలుకు వచ్చిన పళ్ళ డాక్టరు క్లిప్పులు వేయించమని చీటీ రాసిచ్చారు. అదే ఏడు అన్నయ్యకు ఇంజినీరింగ్ సీటు వచ్చింది. నాన్నగారు "తర్వాత చూద్దాంలేమ్మా" అన్నారు. ఆ చీటీ సంగతి ఈవిడ ఇప్పటిదాకా భర్తకు కూడా చెప్పలేదట.

రెండేళ్ళుగా బ్రష్ చేసేటప్పుడు కింది చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. పోయిన నెల ధైర్యం చేసి ద్వారకానగర్‌లో ఒక క్లినిక్కుకు వెళ్ళారు. నాలుగు పళ్ళు తీసి మెటల్ క్లిప్పులు వేస్తామని, రెండేళ్ళు పడుతుందని, 50 వేలు అవుతుందని చెప్పారు. ఇంకో చోట పళ్ళు తీయనక్కర్లేదన్నారు. కనబడని ప్లాస్టిక్ అలైనర్లతో పది నెలల్లో సరిచేస్తామని, లక్షా 80 వేలు అవుతుందని చెప్పారు. స్టాఫ్ రూములో ఒకావిడ, పళ్ళు కాస్త అరగదీసి తొడుగులు వేయిస్తే రెండు వారాల్లో పని అయిపోతుందన్నారు. చీటీ పాడుకున్న 90 వేలు చేతిలో ఉన్నాయి. అవి అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం అనుకున్నవి.

మిగతాది ఆవిడ మాటల్లోనే:

"మా ఆయన వద్దనలేదు. 'ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు?' అన్నారు. అత్తయ్య మాత్రం 'ఇంకో ఐదారేళ్ళలో కూతురికి సంబంధాలు చూడాలి, తల్లికి ఈ సోకులేంటి' అన్నారు. ఆవిడకు 55 ఏళ్ళకే పళ్ళన్నీ కదిలి ఊడిపోయాయి, కట్టుడు పళ్ళతోనే తింటారు. నోట్లో తీగ పెట్టుకుని పిల్లల ముందు పద్యం చదవగలనా అని నాకూ భయంగానే ఉంది. అన్నిటికన్నా నన్ను కుదిపేసిన సంగతి వేరే ఉంది. మొన్న కార్తీక వనభోజనాలకు కంబాలకొండ వెళ్ళాం. ఫోటోలు చూసుకుంటుంటే ప్రతి దాంట్లో నేను కుడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాను. అది నాకు తెలిసిందే. పక్కన మా అమ్మాయి కూడా అచ్చం అలాగే చెయ్యి అడ్డం పెట్టుకుంది. దాని పళ్ళు ముత్యాల్లా ఉంటాయండీ. నన్ను వేయించుకోమంటారా, వద్దంటారా?"

టీచరు గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పళ్ళ సంగతి ఒక పేజీలో ఉంది. మిగతా నాలుగు పేజీల నిండా ఎవరేమన్నారు, ఎవరేమనుకుంటారు అన్నదే ఉంది. ఈ రెండూ కలిసిపోయి ఉన్నంతకాలం మీకు ఏదీ తేలదు. అందుకే ముందు నోటి సంగతి మాట్లాడుకుందాం, తర్వాత ఇంటి సంగతి. నేను పళ్ళ డాక్టర్ని కాను. కానీ 41వ ఏట క్లిప్పులు వేయించుకుని 22 నెలలు ఉంచుకున్నాను. అప్పుడు నేను పడింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది కలిపి చెబుతున్నాను.

వయసు మించిపోయిందన్న భయం పెట్టుకోకండి. పన్ను ఎముకలో మేకు దిగ్గొట్టినట్టు ఉండదు. పంటికీ ఎముకకూ మధ్య సన్నని పొర ఉంటుంది. తీగ పంటిని ఒక పక్కకు మెల్లగా నెడుతుంటే ఆ పక్క ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, వెనకపక్క కొత్త ఎముక పడుతుంది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పన్ను జరుగుతుంది. ఇది పన్నెండేళ్ళ పిల్లకూ జరుగుతుంది, యాభై దాటినవాళ్ళకూ జరుగుతుంది. పెద్దవాళ్ళలో తేడా రెండు చోట్ల ఉంది. పిల్లల దవడ ఇంకా ఎదుగుతూ ఉంటుంది కాబట్టి డాక్టరు ఆ ఎదుగుదలను కూడా వాడుకోగలరు. మనకు అది అయిపోయింది. దవడే బాగా ముందుకో వెనక్కో ఉన్నవాళ్ళకు ఒక్కోసారి ఆపరేషన్ దాకా వెళుతుంది. మీకు ఏ డాక్టరూ ఆ మాట అనలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం. రెండోది చిగుళ్ళు.

ఐదు పేజీల్లో మీరు ఒక్క వాక్యంలో దాటేసింది ఇదే, నేను ఆగిపోయింది కూడా ఇక్కడే. రెండేళ్ళుగా రక్తం వస్తోందంటే చిగుళ్ళు వాచి ఉన్నాయన్నమాట. ఆ వాపు పైపైనే ఉందా, కింద ఎముక కూడా తరుగుతోందా అన్నది తేలకుండా ఎవరు క్లిప్పులు వేస్తామన్నా ఒప్పుకోకండి. చిగురు జబ్బుతో ఉండగా పంటిని లాగితే ఎముక మరింత త్వరగా పోతుంది. వంకర పన్ను తిన్నగా అవుతుందేమో కానీ ఊగుతుంది. ఆ ఇద్దరు డాక్టర్లూ గీతలున్న సన్నని పుల్లలాంటి పరికరాన్ని ఒక్కో పంటి చుట్టూ చిగురు లోపలికి పెట్టి లోతు కొలిచారా? మీరు రాయలేదు. ఆరోగ్యంగా ఉన్న చిగురుకు ఆ లోతు 3 మిల్లీమీటర్లు దాటదు. అంతకు మించిన చోటల్లా పట్టించుకోవాలి. చిగుళ్ళ స్పెషలిస్టు దగ్గరకెళ్ళి ఆ కొలతలు కాగితం మీద రాయించుకోండి. షుగర్ కూడా ఒకసారి చూపించుకోండి, అది అదుపులో లేకపోతే చిగుళ్ళు మానవు. ఎముకలు గుల్లబారకుండా ఏవైనా మాత్రలు, ఇంజెక్షన్లు వాడి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

గార, అంటే పళ్ళ మీద గట్టిపడిన పాచి, తీయించుకుంటే పళ్ళు వదులవుతాయని మన వైపు గట్టిగా నమ్ముతారు. మీ ఇంట్లో కూడా అనే ఉంటారు. వాచిన చిగురు, గట్టిపడిన గార కలిసి సందుల్ని కప్పేసి ఉంచుతాయి. గార పోయి వాపు తీశాక ఆ సందు బయటపడుతుంది, అంతే. పంటిని వదులు చేసింది గార, దాన్ని తీసిన డాక్టరు కాదు. అది తీయించుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాలు పళ్ళ మధ్యకు వెళ్ళే చిన్న బ్రష్‌తో శుభ్రం చేసుకుని, మళ్ళీ కొలతలు చూపించుకోవాలి. అప్పటికి రక్తం ఆగితే మీకు క్లిప్పుల దారి తెరుచుకున్నట్టే.

ఇక్కడ ఇంకో నిజం కూడా చెప్పాలి. పళ్ళు వంకరగా ఉన్నంత మాత్రాన చిగుళ్ళ జబ్బు రాదు. పాచి చేరితే వస్తుంది. వంకర పళ్ళ సందుల్లో పాచి తీయడం కష్టం, అంతవరకే వాటి పాత్ర. శ్రద్ధగా శుభ్రం చేసుకుంటూ ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించుకుంటే ఈ పళ్ళతోనే మీరు హాయిగా బతకొచ్చు. అంటే క్లిప్పులు మీకు తప్పనిసరి వైద్యం కాదు. మీకు కావాలనిపించి వేయించుకునేవి. ఇంట్లోవాళ్ళతో ఏమన్నా సరే, మీకు మీరు మాత్రం ఈ మాట ఒప్పుకోండి. కావాలనిపించడం తప్పు కాదు.

ఇక మీకు వచ్చిన మూడు సలహాలు. నాలుగు పళ్ళు తీయాలని ఒకరు, తీయనక్కర్లేదని ఒకరు అన్నారని మీరు కంగారుపడ్డారు. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "నా దవడలో ఎన్ని మిల్లీమీటర్ల చోటు తక్కువైంది?" మూడు నాలుగైతే పళ్ళు తీయకుండానే సర్దే వీలుంది. పళ్ళ పక్కలను అతి సన్నగా, రెండు పళ్ళ మధ్య అర మిల్లీమీటరుకు మించకుండా రాసి చోటు చేస్తారు. ఎనిమిదో తొమ్మిదో తక్కువైతే, పైగా మీవి ఎత్తు పళ్ళు కూడా కాబట్టి, పళ్ళు తీయకుండా సర్దితే అవి ఇంకా ముందుకు వస్తాయి, ఎముక అంచు దాకా వెళ్ళి చిగురు కిందికి జారుతుంది. మామూలుగా తీసేది కోరపంటి వెనకున్న చిన్న దవడ పన్ను. దాని వెడల్పు సుమారు 7 మిల్లీమీటర్లు. నెలకు ఒకటి చొప్పున లెక్క వేసుకోండి, ఆ ఖాళీ మూసుకోవడానికే ఏడెనిమిది నెలలు. దానికి ముందు పళ్ళు వరుసకు రావడం, తర్వాత పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కలవడం. రెండేళ్ళు అన్న డాక్టరు మిమ్మల్ని భయపెట్టలేదు, ఉన్నదే చెప్పారు. పది నెలలు అన్నవారు అబద్ధం చెప్పారని నేననను. కానీ మిల్లీమీటర్ల లెక్క చూపించమనండి.

పళ్ళు తీసి వెనక్కు లాగితే పెదవి కూడా కొంత వెనక్కు వెళుతుంది. ఎత్తు పళ్ళున్నవాళ్ళకు అది బాగుంటుంది, మరీ ఎక్కువైతే ముఖం పీక్కుపోయినట్టు అనిపిస్తుంది. మీ ముఖం పక్కనుంచి తీసిన ఎక్స్‌రే మీద పెదవి ఎంతవరకు వెళుతుందో చూపించమని అడగండి. చిగురు కాస్త తగ్గి ఉన్న పెద్దవాళ్ళకు, పళ్ళు తిన్నగా అయ్యాక కింది పళ్ళ మధ్య చిగురు దగ్గర చిన్న నల్లటి సందులు కనబడటం కూడా ఉంది. నాకు రెండు చోట్ల ఉన్నాయి. ముందే తెలిసి ఉంటే ఆ రోజు అద్దంలో చూసుకుని అంత దిగులుపడేదాన్ని కాను.

తొడుగుల సలహా మాత్రం వద్దు. ఆరోగ్యంగా ఉన్న పంటి మీద పింగాణీలాంటి పొర ఒకసారి అరగదీస్తే మళ్ళీ రాదు. తొడుగులు శాశ్వతం కావు, పది పదిహేనేళ్ళకు మార్చుకోవాల్సి వస్తుంది. మీకు 38. ఆ లెక్కన ఎన్నిసార్లు మార్చుకోవాలో చూడండి. వాచిన చిగుళ్ళ మీద తొడుగు వేస్తే అంచు దగ్గర పాచి ఇంకా చేరుతుంది.

అలైనర్లు మంచివే. కానీ రోజుకు 20 నుంచి 22 గంటలు నోట్లో ఉండాలి. తినేటప్పుడు తీయాలి. వేడి టీ తాగేటప్పుడూ తీయాలి, లేకపోతే వంకరపోతాయి, రంగు పడుతుంది. రోజుకు నాలుగు టీలని మీరే రాశారు. ప్రతిసారీ తీసి, తాగి, పుక్కిలించి, మళ్ళీ పెట్టుకోవాలి. రెండు పీరియడ్ల మధ్య పది నిమిషాల్లో అది అయ్యే పనేనా? పైగా మీ దగ్గరున్నది 90 వేలు. మిగతా 90 వేలకు అప్పు చేస్తానంటే నేను ఒప్పుకోను.

ఎవరి దగ్గరకు వెళ్ళినా, చికిత్స చేసేది ఎండీఎస్‌లో (పళ్ళ వైద్యంలో పీజీ) క్లిప్పుల విభాగం, అంటే ఆర్థోడాంటిక్స్ చదివినవారేనా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మీకు దగ్గర్లోనే రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ ఉంది, ఇంకాస్త ముందుకెళితే సంగివలసలో అనిల్ నీరుకొండ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీల్లో పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. సాధారణంగా ఖర్చు బయటికన్నా తక్కువ, ఎక్స్‌రేలు, చిగుళ్ళ విభాగం అన్నీ ఒకే చోట ఉంటాయి. ఇబ్బంది ఏమిటంటే అది స్కూలు వేళల్లోనే పడుతుంది, చాలాసేపు కూర్చోవాల్సి వస్తుంది, మీది చూస్తున్న విద్యార్థి మూడేళ్ళ కోర్సు అయిపోయి వెళ్ళిపోతే మధ్యలో చెయ్యి మారుతుంది. నెలకోసారి సగం రోజు సెలవు దొరుకుతుందా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి.

పద్యం చదవడం గురించి మీ భయం నన్ను బాగా తాకింది. అది మీ వృత్తి కదా. మీకు తెలిసిన మాటల్లోనే చెబుతాను. త, ద, న, స లాంటి దంత్యాలకు నాలుక పై పళ్ళ లోపలి వైపు పనిచేస్తుంది. మామూలు క్లిప్పులు అంటించేది బయటి వైపు. కాబట్టి వాటికి ఏమీ కాదు. 'చుక్క', 'జడ' అనేటప్పుడు వచ్చే దంత్య చ, జ లకూ ఢోకా లేదు. తేడా కొట్టేది పెదవులతో పలికేవాటికి. ప, బ, మ అనాలంటే పెదవులు కలవాలి, మధ్యలో ఎత్తుగా ఏదో అడ్డం ఉన్నట్టుంటుంది. అన్నిటికన్నా 'వ' సతాయిస్తుంది. అది దంతోష్ఠ్యం కదా, కింది పెదవి పై పళ్ళ అంచుకు తగలాలి, సరిగ్గా అక్కడే మెటల్ ముక్క ఉంటుంది. నేను వరండాలో కూర్చుని రోజూ పావుగంట పేపరు గట్టిగా చదివేదాన్ని. ఐదో రోజుకు వకారం దారికొచ్చింది. పళ్ళ లోపలి వైపు అంటించే రకం కూడా ఉంది, బయటికి కనబడదు. ఎవరైనా అది చెబితే మీరు మాత్రం తీసుకోకండి. నాలుకకు ప్రతి మాటకూ తగులుతుంది.

ఇంకా రోజువారీ సంగతులు. మొదటి మూడు నాలుగు రోజులు ఇడ్లీ కూడా నమలబుద్ధి కాదు. చోడి అంబలి, మెత్తటి పప్పన్నం, పెరుగన్నంతో గడిపేయండి. నొప్పికి ఏ మాత్ర వేసుకోవాలో డాక్టరునే అడగండి, కొన్ని నొప్పి మాత్రలు పంటి కదలికను నెమ్మదింపజేస్తాయి. బుగ్గ లోపల గీసుకుని పుండ్లు పడితే చిన్న మైనం ముద్ద ఇస్తారు, గీసుకుంటున్న మెటల్ ముక్క మీద దాన్ని అద్దుకుంటే ఊరట. జంతికలు, చెగోడీలు, చెరకు, కొబ్బరి ముక్క, వేరుశనగ పట్టీ వద్దు, కొరికితే అంటించిన ముక్క ఊడుతుంది. బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తు కొరకలేరు, గింజలు వలుచుకుని తినాలి. పంటి రంగులో ఉండే సిరామిక్ క్లిప్పులు బాగుంటాయని వాటికి తెల్ల రబ్బరు రింగులు వేయించుకుంటే పప్పులో పసుపుకు రెండు రోజుల్లో పచ్చబడతాయి. బూడిదరంగు రింగులు అడగండి. మధ్యాహ్నం తోటకూర తిని అద్దం చూసుకోకుండా క్లాసుకు వెళ్ళొద్దు, చిన్న బ్రష్ బ్యాగులో ఉండాలి. రాత్రి ఎంత అలసిపోయినా పది నిమిషాలు దానికే. అది చేయకపోతే క్లిప్పులు తీసేనాటికి పంటి మీద తెల్ల మచ్చలు మిగులుతాయి.

క్లిప్పులు తీశాక కూడా పని అయిపోదు. పళ్ళు పాత చోటికి వెళ్ళాలనే చూస్తాయి. కింది పళ్ళ వెనక సన్నని తీగ అంటిస్తారు, లేదా రాత్రిళ్ళు రిటైనర్, అంటే పళ్ళను కదలకుండా పట్టి ఉంచే, తీసి పెట్టుకునే పట్టీ, పెట్టుకోమంటారు. ఎన్నాళ్ళు అంటే ఉన్నన్నాళ్ళూ. నాది రిటైనరే. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న మూడు నెలలు నాకు అది గుర్తే లేదు. తర్వాత పెట్టుకోబోతే పట్టలేదు. కింది పన్ను ఒకటి మళ్ళీ పక్కకు తిరిగింది, ఇప్పటికీ అలాగే ఉంది. మీ ఇంట్లో పని ఒత్తిడి చూస్తే మీకు అంటించే తీగే నయమనిపిస్తోంది.

ఇప్పుడు ఇంటి సంగతి. మీ ఆయన "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకు?" అన్నారు. మీరు దాన్ని వద్దనడంగా తీసుకున్నారు. నాకు అది ప్రశ్నలాగే వినబడింది. దానికి జవాబు మీ దగ్గర ఉంది, ఆయనకు చెప్పలేదు. ఏడో తరగతి చీటీ సంగతి ఆయనకు చెప్పండి. ఇరవై ఆరేళ్ళ నుంచి మనసులో ఉన్నది ఆయనకెలా తెలుస్తుంది? షిఫ్టు ఆఫ్ ఉన్న రోజు ఆయన్ను కూడా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి, ఎక్స్‌రే ఆయన కూడా చూస్తారు. అలా చెప్పాక కూడా ఆయన ఖర్చు గురించి వెనకాడితే, అది ఇద్దరూ కూర్చుని తేల్చుకునే లెక్క. చాలా చోట్ల మొదట కొంత కట్టి మిగతాది నెలనెలా కట్టే వీలుంటుంది. ఇంటర్ ఫీజు చీటీ డబ్బులోంచి ముందే పక్కన పెట్టేసి, క్లిప్పులు మీ జీతంలోంచి కట్టుకుంటానని చెప్పి చూడండి. చాటుగా మాత్రం వద్దు. నోట్లో తీగ రెండేళ్ళు దాగేది కాదు.

అత్తగారి మాట గుచ్చుకుంది, నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో చిగుళ్ళ జబ్బు అంటే ఏమిటో అనుభవించింది ఆవిడొక్కరే. 55 ఏళ్ళకే పళ్ళు కదలడం, ఒక్కొక్కటీ ఊడటం, జీడిపప్పు నమలలేకపోవడం. సోకుల మాటకు బదులివ్వకండి. "అత్తయ్యా, నాకూ రక్తం వస్తోంది, మీకు మొదట ఎలా మొదలైంది?" అని అడగండి. ఆవిడ మెత్తబడతారని నేను మాట ఇవ్వలేను. మెత్తబడకపోయినా గార తీయించుకోవడానికి మీకు ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు.

రోజులు కూడా మీకు కలిసొస్తున్నాయి. ఇప్పుడు చిగుళ్ళ పని మొదలుపెడితే మళ్ళీ కొలతలు చూసేసరికి సంక్రాంతి దాటుతుంది. మార్చిలో అమ్మాయి పరీక్షలు, అప్పుడు ఇంట్లో మరో టెన్షన్ వద్దు. వేయించుకోవాలనే అనుకుంటే వేసవి సెలవుల మొదటి వారంలో వేయించుకోండి. నొప్పి, వకారం రెండూ సెలవుల్లోనే సర్దుకుంటాయి. ఈలోగా వద్దనిపిస్తే కూడా పోయిందేమీ లేదు. రక్తం ఆగిన నోరు మీకు మిగులుతుంది.

అమ్మాయి సంగతి చివరికి ఉంచాను. క్లిప్పులు వేయించుకుంటే చెయ్యి దిగిపోతుందని అనుకోకండి. నావి తీశాక కూడా ఫోటో అనగానే చెయ్యి దానంతటదే లేచేది, చాలా నెలలు. పళ్ళు కుదరడానికి 22 నెలలు పట్టింది, ఆ చేతికి ఇంకా ఎక్కువే పట్టింది. మీ అమ్మాయి చేతికీ మీ పళ్ళకూ ముడిపెట్టి, దాని కోసం వేయించుకుంటున్నానని అనకండి. ఆ బరువు దాని మీద పడుతుంది. వేయించుకున్నా మానుకున్నా, ఆ ఫోటో దానికి చూపించి మీ చెయ్యి ఎప్పటి నుంచి అలా లేస్తోందో చెప్పండి. తన చెయ్యి అలా లేస్తోందని దానికి తెలియకపోయి ఉండొచ్చు. పదో తరగతి పిల్ల, అర్థం చేసుకుంటుంది.

చిగుళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చాక ఆ కొలతలు నాకు రాయండి. మీ ఆయనతో ఏం మాట్లాడుకున్నారో అది కూడా.